లైనక్స్ వాదనలో నెగ్గినవాడు

"పాత కంప్యూటర్లు పారేయక్కర్లేదురా విప్లవం! నీ లైనక్సే పెట్టిస్తున్నా," అంది లైబ్రరీ నడిపే మేనత్త. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ వాటిలో నడవదు; ఉచితంగా దొరికే లైనక్స్ అయితే నడుస్తుంది. పాతవి ఉంచాలో తీసేయాలో ఆమె ఆ పూటే కమిటీకి చెప్పాలి.

రెండేళ్లుగా గొంతు చించుకుని మేనల్లుడు అడుగుతున్నది అదే; విప్లవం అన్న పేరూ అలా వచ్చిందే. ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నా కరపత్రం చదివావా అత్తా?"

"అదెవరు చదివారు! యూట్యూబ్‌లో కంప్యూటర్ల వీడియోలు చేసే అబ్బాయి చెప్పాడు. కొత్తవాళ్లకి తేలికైన లైనక్స్ ఒకటుందట. మౌస్ పట్టుకోవడం వస్తే చాలట."

విప్లవం మొహం మాడిపోయింది.

"వాడా! కంపెనీలు పంపే డబ్బాలు విప్పి పళ్లికిలించేవాడు! అది లైనక్స్ కాదత్తా, పసిపిల్లల పాలసీసా. అసలైనదాన్ని ఒక్కో కమాండూ కొట్టి మనమే కట్టుకోవాలి."

"పేపరు చదవడానికొచ్చే ముసలాళ్లు కట్టుకుంటారట్రా?"

"నేర్చుకోవాలి! రేపు ప్రింటర్ మొరాయిస్తే వాడొచ్చి బాగుచేస్తాడా? అప్‌డేట్ పడి స్క్రీన్ నల్లబడితే వాడొస్తాడా?"

ఆ తేలిక లైనక్స్‌కున్న లోపాలన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు. లేనివి కూడా కొన్ని కలిపాడు.

అత్త కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. "నువ్వన్నది నిజమేరా. ఇన్ని తిప్పలుంటాయని నాకేం తెలుసు!"

అత్త తన మాట ఒప్పుకోవడం అదే మొదలు. విప్లవం ఛాతీ విరుచుకున్నాడు.

ఆమె ఫోనెత్తింది. "ప్రెసిడెంటు గారూ, పాతవి తూకానికి వేసేద్దాం. కంపెనీ సాఫ్ట్‌వేరున్న కొత్తవే కొనండి. లైనక్స్ వద్దండీ, మా మేనల్లుడే వద్దన్నాడు. దాని సంగతి వాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు!"