ఎలా పట్టుకోవాలి

ముసలి కుక్క ఒకటి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, నాన్న కొత్త బూటు మీద తల పెట్టుకుని పడుకుంది.

నాన్న ఊపిరి బిగబట్టాడు.

ఊరి చివర పశువుల ఆసుపత్రి వరండా అది. దాని వెనకాలే వెటర్నరీ టెక్నీషియన్ల కాలేజీ. ఇలాంటిదే ఇంకొకటి మహానగరం నడిబొడ్డున, అద్దాల మేడలో ఉంది. అమ్మాయికి రెండు చోట్లా సీటొచ్చింది. ఎందులో చేరేదీ ఈ రోజే తేల్చి చెప్పాలి.

నాన్న మనసు అద్దాల మేడ మీదే ఉంది. పొద్దుట్నుంచీ ఆ లిఫ్టు గురించే చెబుతున్నాడు.

అమ్మాయి బెంగ వేరు. జంతువులంటే ప్రాణమే గానీ, ఇంతవరకు ఒక్కదాన్నీ చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. తీరా చేరాక చెయ్యి వణికితే?

"భయపడకండి. మా ముసలమ్మ ఎవర్నీ కరవదు," అన్నాడు బెంచీ చివర కూర్చున్న పెద్దాయన.

ఒళ్ళో పాత తువ్వాలు, చొక్కా నిండా వెంట్రుకలు. అటుగా వెళ్ళే నర్సులందరూ ఆయన్ని పలకరిస్తున్నారు. ఇక్కడ పనిచేసే మనిషేననుకుంది అమ్మాయి.

"ఇక్కడ బాగా నేర్పుతారా అంకుల్?"

"పిల్లలకి చేతులు వణుకుతాయమ్మా. కానీ సూది గుచ్చే ముందు దీనితో ఓ మాట మాట్లాడి మరీ గుచ్చుతారు."

"మరి ఆ సిటీ కాలేజీలో?"

"మిషన్లు బ్రహ్మాండంగా ఉంటాయి. పిల్లలు మాత్రం అద్దం అవతల నిలబడి చూస్తారు."

నాన్న కూతురి చెవి దగ్గర గొణిగాడు. "కాలేజీవాళ్ళే కూర్చోబెట్టుంటారు. సీటు నింపితే ఈయనకీ ఎంతో కొంత ముడుతుంది."

గొణుగుడు కాస్త గట్టిగానే వచ్చింది. పెద్దాయన విననట్టే వంగి, కుక్కని బూటు మీంచి ఎత్తి బెంచీ మీద తువ్వాలులో పడుకోబెట్టాడు.

"పట్టుకుంటావా తల్లీ?"

అమ్మాయి చెయ్యి చాచింది.

"అలా పైనుంచి కాదు. ముందు వాసన చూడనివ్వు. ఆఁ, ఇప్పుడు ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకోటి పొట్ట కింద. పొట్ట దగ్గర మెల్లిగా, అక్కడ దానికి నొప్పి."

నర్సు తలుపు తీసింది. "బాబాయ్, రండి."

"వేరేవాళ్ళని పంపమ్మా. ఈ పాప ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది."

నర్సు కుక్క వైపు ఓసారి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"దాని వెనక కాలి తొడ లోపలివైపు వేళ్ళు పెట్టు. తగుల్తోందా?"

"తగుల్తోంది! నాన్నా, గుండె కొట్టుకోవడం ఇక్కడ తెలుస్తోంది!" అమ్మాయి అరిచినంత పని చేసింది. చెయ్యి వణుకుతుందన్న బెంగ ఎప్పుడు పోయిందో తనకే తెలియదు.

"అంకుల్, నేను చేరాక దీనికి ఇంజెక్షన్ నేనే వేస్తా, చూస్తూ ఉండండి!"

"అలాగేనమ్మా," అంటూ ఆయన కుక్క చెవులు నిమిరాడు.

నర్సు మళ్ళీ వచ్చింది. ఈసారి పిలవలేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

పెద్దాయన కుక్కని తువ్వాలుతో సహా ఎత్తుకుని లేచాడు.

"ఇక్కడే చేరు తల్లీ. నీ చెయ్యి మెత్తన."

"చూశావా! చివరికి అసలు మాట బయటపడింది," అన్నాడు నాన్న, ఆయన లోపలికి వెళ్ళీ వెళ్ళకముందే.

"ఎవరు చెప్పినా చెప్పకపోయినా నేనిక్కడే చేరతా నాన్నా."

కూతురు అలా తెగేసి చెప్పడం నాన్న ఎప్పుడూ వినలేదు. లిఫ్టు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

చేరే పనంతా ముగించుకుని వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. చేరానన్న మాట పెద్దాయనకి చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు అమ్మాయికి. నర్సుని ఆపింది.

"అక్కా, ఇక్కడ మీ స్టాఫ్ అంకుల్ ఒకాయన ఉన్నారు కదా? కుక్కని పెట్టుకుని, నేర్చుకునేవాళ్ళకి చూపిస్తారే..."

"ఆయన స్టాఫ్ కాదమ్మా. ఇందాకే వెళ్ళిపోయారు."

"మరి ముసలమ్మ?"

నర్సు ఒక్క క్షణం తలుపు వైపు చూసింది.

"పొట్టలో గడ్డ, ఇక బాధ పెట్టకూడదని శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ వేయించడానికి తెచ్చుకున్నారమ్మా, పొద్దున మొదటి వంతు ఆయనదే, దానితో గడపడానికి మిగిలిన కాసేపూ నీకిచ్చారు."