ఫ్రెంచమ్మ బొట్టు

"ఎవరే ఈ పని చేసింది?"

చెన్నైలోని ఆ చిన్న మ్యూజియం అధికారి రంగనాథం కేకకు, గదులు ఊడ్చే అలివేలు చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది. గోడమీద జానెడంత పాత ఫ్రెంచి తైలచిత్రం. అందులో బట్టలమూట మోస్తున్న ఆడమనిషి నుదుటికి సరిగ్గా, చిత్రానికి బిగించిన అద్దంమీద రూపాయంత కుంకుమబొట్టు.

"నేనే సార్. నిన్న ఆయుధపూజ కదా! కంప్యూటర్‌కి పెట్టినా, బీరువాకి పెట్టినా, మీ స్కూటర్‌కీ పెట్టినా. ఈయమ్మ ఒక్కతే ఏం పాపం చేసింది?"

"నూటయాభై ఏళ్లనాటి సొత్తు ఇది! మెమో ఇస్తా. రేపట్నించి ఇంట్లో కూర్చో."

"అయ్యో, అద్దానికే గదా సార్ పెట్టింది! ఈ పని పోతే తొండియార్‌పేటలో నా ఇల్లెట్ట గడిచేది?"

రంగనాథం వినకుండా కాగితం పరిచి మొదలుపెట్టాడు: 'అలివేలు అనే పనిమనిషి, అమూల్యమైన ఫ్రెంచి చిత్రం...'

కలం ఆగింది. పదకొండేళ్లుగా ఆ గది ఆయన చేతికిందే ఉంది. చిత్రం పేరు మాత్రం తెలియదు. గోడమీద పేరుచీటీ కూడా లేదు.

"ఏం పేరు దీనికి?" గొంతు తగ్గించి అడిగాడు.

"'చాకలామె' సార్. చీటీ ఊడిపడిందని పోయిన ఆడిమాసంలో, అదే ఆషాఢంలో, మీకు రెండుతూర్లు చెప్పినా. ఇంకా నా పర్సులోనే ఉండాది."

రంగనాథం కలానికి మూత పెట్టాడు.

"బొట్టు కాస్త చిన్నది పెట్టుండొచ్చు గదమ్మా," అన్నాడు.