స్పీడు తొమ్మిది

“మూత తీసేముందే చెబుతున్నాను. ఈ మెషిన్లో ఏ లోపమూ లేదని తేలితే, నన్ను పడేసింది ఎవరో తేలినట్టే!” అంది అత్తగారు, కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని.

మెకానిక్ ట్రెడ్‌మిల్ ముందుభాగంలో స్క్రూలు విప్పుతున్నాడు. గుమ్మం పక్కన కోడలి సూట్‌కేసు సర్ది ఉంది.

“తేలనివ్వండి. లోపం లేదంటే నేను మా పుట్టింటికి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను,” అంది కోడలు.

“బెదిరింపా?”

“అమ్మా, కాస్త ఊరుకోవే,” అన్నాడు కొడుకు.

“నువ్వు నోరు మూసుకో. రెండో స్పీడులో నా మానాన నేను నడుస్తున్నాను. ఈ మహాతల్లి పక్కకొచ్చి నిలబడింది. అంతే, బెల్టు పరుగందుకుంది. దయ్యం నొక్కిందా మరి?”

“తువ్వాలు ఇవ్వడానికి వచ్చాను అత్తయ్యా! మీరే తొమ్మిది నొక్కి ఉంటారు, నిమిషాలనుకుని.”

“నేనా? ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని! నిమిషాలకీ స్పీడుకీ తేడా తెలియదా నాకు?”

పదిరోజులుగా ఇంట్లో ఇదే గొడవ. చూడవచ్చిన ప్రతి చుట్టానికీ అత్తగారు ఇదే కథ చెప్పింది. నిన్న కోడలు పెట్టె సర్దడం మొదలుపెట్టాక, “మీరు పిలిస్తే మీ పాటే పాడతాడు, నేనే పిలిపిస్తా” అని పంతం పట్టి మెకానిక్‌ని తనే రప్పించింది.

మూత కింద దుమ్ము చాపలా పేరుకుని ఉంది. మెకానిక్ బ్రష్షుతో దులిపి, మోటారు వైర్లు విడదీసి మీటరు పెట్టాడు.

“మోటారు బాగానే ఉంది.”

“విన్నావా?” అంది అత్తగారు కోడలివైపు తిరిగి.

కోడలు సూట్‌కేసు పిడి పట్టుకుంది.

“ఒకసారి ఆన్ చేసి చూడొచ్చుగా?” అన్నాడు కొడుకు.

“అనుమానం ఉన్న బోర్డుకి కరెంటివ్వకూడదు సార్. మోటారు కూడా కాలిపోతుంది.”

అరచేతి వెడల్పున్న బోర్డు మీదికి వంగి, మీటరు ముళ్ళు రెండూ లోపలెక్కడో ఆనించాడు. మీటరు కుయ్యిమంది.

“ఇదీ సంగతి. ఈ ట్రాన్సిస్టర్ షార్టయింది. కుళాయి లాంటిది సార్ ఇది. ఎంత కావాలో అంతే కరెంటు వదులుతుంది. ఇది పోతే కుళాయి పూర్తిగా తెరుచుకున్నట్టే. రెండులో పెట్టినా మోటారు తొమ్మిదిలో పరుగెడుతుంది.”

“అంటే... ఎవరూ నొక్కక్కర్లేదా?” అంది కోడలు.

“అక్కర్లేదమ్మా.”

“అబద్ధం!” అత్తగారు కుర్చీలోంచి లేచింది. “దీని ఏడుపుమొహం చూసి జాలిపడుతున్నావు నువ్వు!”

“మీటరుకి జాలేముంటుందండీ?”

కొడుకు ఫక్కున నవ్వబోయి, తల్లి చూపు తగిలి దగ్గుతో సరిపెట్టాడు.

మెకానిక్ వైర్ల వరస ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. పాత బోర్డు ఊడదీశాడు. సంచీలోంచి కొత్తది తీసి, వెనక వేడి లాగే తెల్లటి పేస్టు రాసి, బిగించాడు. ప్లగ్గు పెట్టాడు. రెండు నొక్కితే బెల్టు రెండులోనే నడిచింది. తొమ్మిది నొక్కితేనే పరుగెత్తింది.

“ఇప్పుడేమంటారు?” అంది కోడలు, కళ్ళు తుడుచుకోకుండానే. “పదిరోజులు హంతకురాల్ని చూసినట్టు చూశారు నన్ను. ఒక్కమాట... పొరపాటైందని ఒక్కమాట అనండి.”

“అనను. మెషిన్ చేసిన వెధవపనికి నేనెందుకనాలి? ఆ పెట్టె దారికడ్డంగా ఉంది, లోపల పడెయ్.”

కోడలు అత్తగారిని కొరకొరా చూసింది. పెట్టె ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసింది. కొడుకు ఆమె వెనకే పరుగెత్తాడు.

“ఇంత చెత్త బోర్డు పెడతారా ఎవరైనా? మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా?” అని అరుస్తూనే అత్తగారు మెకానిక్ వెంట గేటుదాకా నడిచింది.

అతను ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు.

“బోర్డులో ఏ లోపమూ లేకపోయినా, ఫోన్లో మీరు నేర్పినట్టే చెప్పానా, అమ్మగారూ?”