పొక్కు లేచిన చోటు

ఆ శాస్త్రవేత్తకు దెయ్యాలంటే భయం లేదు. లెక్క తేలకపోతేనే ఆవిడకు నిద్ర పట్టదు.

ఆవిడ ల్యాబ్‌లో ఒక డిష్ నిండా మనిషి నరాల కణాలు, వాటిలో నిద్రపోతున్న హెర్పిస్ వైరస్. ఆరేళ్ల కిందట ఆవిడ పెదవి మీద లేచిన పొక్కులోంచే దాన్ని తీశారు; మిగిలింది ఆవిడ నరాల్లోనే నిద్రపోతోంది. గంటకోసారి యంత్రం కొన్ని కణాలను తీసి, వాటిలోని ప్రొటీన్లన్నిటినీ కొలుస్తుంది. వైరస్ మేలుకుంటే దాని ప్రొటీన్లు పెరిగి, గ్రాఫ్‌లో గీత పైకి లేస్తుంది.

మూడు రాత్రులుగా, ఆవిడ గదిలో ఉన్న గంటల్లోనే గీత లేస్తోంది.

"తలుపు తీసినప్పుడు తగిలే గాలే కారణం, ఇంకేం లేదు," అంది వాచ్‌మన్‌తో ధీమాగా. ఆ రాత్రి తను బయటే ఉండి ఆయన్ని లోపలికి పంపింది. ఆయన గంటసేపు కూర్చుని వచ్చాడు. గీత కదల్లేదు.

"నన్ను లెక్కచెయ్యలేదమ్మా. దానికి మీ దగ్గరే చనువు," అన్నాడాయన నవ్వుతూ.

"ఆ చనువు సంగతి రేపు తేలుస్తాలే, బాబాయ్," అని ఇంటికి వెళ్లిపోయింది.

రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, ఫోన్‌లో గ్రాఫ్ చూసింది. గీత నిటారుగా లేచి ఉంది. ల్యాబ్‌కు తాళం వేసి ఉంది, తనేమో ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే తనకూ దానికీ ఏ సంబంధమూ లేదన్నమాట. గుండెల మీంచి బరువు దిగినట్టయి, దుప్పటి కప్పుకుంది.

అసలు తనకు మెలకువ ఎందుకు వచ్చిందా అని అప్పుడు ఆలోచించింది.

పెదవి మీద, ఆ పాత పొక్కు చోటే, మళ్లీ చురుక్కుమంది.