చెయ్యి నొక్కేదాకా

“ఇంకాస్త తొక్కవయ్యా!” ముందు సీటును రెండు చేతులా పట్టుకుని అరిచింది విప్.

“ఇంకా తొక్కితే సభకి కాదమ్మా, ఆస్పత్రికి పోతాం,” అన్నాడు డ్రైవరు.

పదకొండింటికి ఓటింగ్. సభ్యులు ఎవరింట అతిథులుగా ఉంటున్నారో, ఆ ఖర్చు ఎవరు పెడుతున్నారో బయటపెట్టి తీరాలనే బిల్లు. మూడేళ్లుగా దానికోసం ఆమె ఎక్కని గుమ్మం లేదు. ఓటింగ్ వేళకి పార్టీవాళ్లందరినీ హాల్లోకి తోలుకురావడం ఆమె ఉద్యోగం. అందుకే అందరూ ‘తల్లికోడి’ అని పిలుస్తారు. ఇవాళ ఒక పిల్ల తప్పిపోయింది. అందరికంటే చిన్నవాడు, ఆమె చెయ్యి పట్టుకుని రాజకీయాల్లోకి వచ్చినవాడు, చిన్నోడు.

ఫోన్ మోగింది. పార్టీ నాయకుడు.

“దొరికాడా?”

“ఆ ప్రార్థన ఇంట్లోనే ఉన్నాట్ట సార్! బిల్లు నెగ్గితే ముందు బయటపడేది ఆ ఇంటి సంగతే. సభలో సగంమందికి అక్కడ ఉచితంగా బస. వాడి మనసు విరిచేస్తారు.”

“ఇండిపెండెంట్ల లెక్క ఇప్పుడే తేల్చాను. చిన్నోడితో కలిపి సరిగ్గా అరవై ఓట్లు. అటువాళ్లు వచ్చినా రాకపోయినా, అరవైకి ఒకటి తగ్గినా బిల్లు పోయినట్టే. నువ్వు పిలిస్తేనే వస్తాడు. లోపల మాత్రం గొడవ పడకు. వాళ్లతోపాటు కూర్చో. ఒకరి ప్రార్థన అయ్యాక పక్కవాళ్ల చెయ్యి నొక్కుతారు. ఆ నొక్కడం చుట్టూ తిరిగి వచ్చేదాకా అక్కడెవరూ లేవరు. నువ్వూ లేవకు. మధ్యలో లాక్కొస్తే వాడు అలిగి అటు ఓటేస్తాడు.”

“సరే సార్.”

“అన్నట్టు, వచ్చేవారమేగా మీ ఆయన గుండె ఆపరేషన్? ఈ గండం గట్టెక్కగానే సెలవు పెట్టు. ఎవరికీ చెప్పొద్దన్నావు. నా నోట పొక్కలేదులే.”

ఇంత హడావుడిలోనూ ఆయనకి అది గుర్తుంది.

ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది. గుమ్మం దగ్గర బుట్ట నిండా ఫోన్లు. పదవులు కూడా ఆ బుట్టలోనే వదిలి వెళ్లాలట. లోపల అందరూ ఒకరికొకరు అన్నయ్యలూ, అక్కయ్యలేనట. ముందుగదిలో గుండ్రంగా వేసిన కుర్చీలు. ఒక మాజీ మంత్రి, ఒక కాంట్రాక్టరు, నిన్న సభలో ఆమె మీద విరుచుకుపడిన ప్రతిపక్ష సభ్యుడు, ఇంటావిడ అయిన రిటైర్డ్ జడ్జి, ఇంకొందరు. అందరూ చేతులు కలిపి కళ్లు మూసుకున్నారు. చిన్నోడి పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

గబుక్కున కూర్చుని వాడి చెయ్యి దొరకబుచ్చుకుంది. ఆ అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

“లేవరా! కారు సిద్ధంగా ఉంది,” అంది గుసగుసగా.

“నొక్కడం తిరిగి రాలేదక్కా.”

“నీ మొహం నొక్కడం! చొక్కాకి సభ్యుడి బ్యాడ్జి ఏదిరా?”

“మర్చిపోయాను.”

“బుర్ర కూడా ఆ బుట్టలోనే వేశావా?”

“అయ్యాక నీతోనే వస్తానక్కా. ఒట్టు.”

జడ్జి గొంతు మెల్లగా లేచింది. “ప్రభువా, ఇవాళ మా మధ్యకి వచ్చిన ఈ చెల్లెలి భర్త గుండెని నీ చేతుల్లో పెడుతున్నాం. ఆయన్ని క్షేమంగా ఇల్లు చేర్చు.”

విప్ ఉలిక్కిపడింది. తర్వాత ప్రతిపక్ష సభ్యుడు అందుకున్నాడు. నిన్న గర్జించిన గొంతు ఇవాళ వణికింది. “మా అక్క ఒంటరిగా మోస్తోంది ప్రభూ. ఆ బరువు తగ్గించు.”

ఇన్నాళ్లూ ఎవరి ముందూ ఏడవని మనిషికి కన్నీళ్లు జలజలా కారాయి. వీళ్లనేనా శత్రువులనుకున్నది?

అంతలో కాంట్రాక్టరు ఆమె ఎడమచెయ్యి నొక్కాడు. ఆ వెంటనే ఆమె చిన్నోడి చెయ్యి నొక్కింది. ఇక వాడు పక్కనున్న జడ్జి చెయ్యి నొక్కితే అయిపోయినట్టే!

వాడు నొక్కలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఏడుస్తున్నాడు. మౌనంగా ప్రార్థించేవాళ్లని అక్కడ ఎవరూ తొందరపెట్టరు. ఆమె మళ్లీ నొక్కింది. గిల్లింది. చెయ్యి లాక్కోబోతే వాడింకా గట్టిగా పట్టుకున్నాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. లేచిపోదామా? వీణ్ణి వదిలేస్తే బిల్లు పోయినట్టేగా!

ఎట్టకేలకు వాడు నొక్కాడు. “ఆమెన్,” అంది జడ్జి.

పరుగు! బుట్ట బోర్లించి ఫోన్ వెతుక్కుంది. చిన్నోణ్ణి కారులోకి నెట్టింది. ఈసారి డ్రైవరు మారుమాట లేకుండా తొక్కాడు. సభ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. నడవా చివర ఓటింగ్ గంట ఇంకా మోగుతూనే ఉంది. అది ఆగితే తలుపులు వేసేస్తారు.

“ఆగండి! ఇద్దరం ఉన్నాం!”

గంట ఆగింది. తలుపులు మూసుకున్నాయి. పిడికిలితో బాదింది. లోపలివాళ్లెవరూ తియ్యలేదు.

కాసేపటికి నడవాలోని లౌడ్‌స్పీకర్ పలికింది. “అనుకూలం యాభై తొమ్మిది. బిల్లు వీగిపోయింది.”

విప్ బెంచీ మీద కూలబడింది.

“నీ మూలాన్నేరా! ఒక్క ఓటు... ఒక్కటి...” అంటూనే ఆగిపోయింది. “ఉండు. అరవైలో మనిద్దరం బయటే ఉన్నాం. యాభై ఎనిమిదే రావాలిగా?”

తలుపులు తెరుచుకున్నాయి. కెమెరాలు చుట్టుముట్టగా నాయకుడు బరువుగా తల పంకిస్తూ బయటికి వచ్చాడు.

చిన్నోడు నేలచూపులు చూశాడు. “నేను లెక్కలో లేనక్కా. నిన్ననే రాజీనామా ఇచ్చేశాను. తగ్గింది నీ ఓటొక్కటే.”

“మరి నా చెయ్యెందుకు వదల్లేదురా?”

“నొక్కకుండా పట్టుకో, ఆలస్యం చెయ్యి అన్నారు.”

“ఎవరు? ఆ జడ్జా?”

వాడు తల అడ్డంగా ఊపాడు.

“నిన్ను పంపినాయనే.”