ఏంజెలిన్ వెంట ఎర్ర కుర్చీ

చీపురుకు ఒక కొస మస్తానమ్మ చేతిలో ఉంది, రెండో కొస ఏంజెలిన్ చేతిలో ఉంది. జువ్వలదిన్నెలో ఎండ ఇంకా ముదరలేదు గానీ, ఆ వాకిట్లో యుద్ధం మాత్రం ముదిరింది.

“వదులమ్మే! ఇంటికొచ్చిన బిడ్డ చేత వాకిలి చిమ్మించుకున్నానంటే రేవులో నా మొహం యాడ పెట్టుకోవాల?”

“దయచేసి మీరే వదలండి, మస్తానమ్మ గారూ! నేను అతిథిని కాను, విద్యార్థినిని.” తరగతి గదిలో నేర్చిన తెలుగు అది. ఒక్క అక్షరమూ జారదు.

“విద్యార్థినివైతే చదువుకో. చీపురేంది?”

“ఇదే నా చదువు!”

నిజంగానే అదే ఆమె చదువు. ఐర్లండులోని కాలేజీ ఆమెను ఇంత దూరం పంపింది పుస్తకం తెరవడానికి కాదు, చేతులు మురికి చేసుకోవడానికి. ఊరికి పనికొచ్చే పని ఒకటి స్వయంగా చేయాలి, చేస్తూ నేర్చుకోవాలి. కానీ ఈ ఊళ్ళో ఆమె వల పడితే వల లాక్కున్నారు, గంప పడితే గంప లాక్కున్నారు. గొట్టం పగిలి ఇంటింటా బిందెలు మోసుకునే చోట, ఆమెకు ఒక్క బిందె కూడా దక్కలేదు. అడగకుండా చేతికి అందేది టీ గ్లాసు ఒక్కటే. ఈ సాయంత్రం కాలేజీ తరఫు పర్యవేక్షకుడు హరినాథ్ కావలి నుంచి వస్తున్నాడు. చూపడానికి ఏ పనీ లేకపోతే రేపే తిరుగు ప్రయాణం, ఏడాది చదువు గంగపాలు.

ఏంజెలిన్ చీపురు వదిలి వీధిలోకి నడిచింది.

వెనక నుంచి మస్తానమ్మ కేకేసింది. “యాడికన్నా పో గానీ, వేలం షెడ్డు పక్కన మురుక్కాలవ పూడిపోయి కంపు కొడతా ఉండాది, ఆ పక్కకు మాత్రం పోబాకమ్మా!”

ఏంజెలిన్ నేరుగా ఆ పక్కకే వెళ్ళింది. కాలవ గట్టున, పిడికి నీలం వలతాడు చుట్టిన పార ఒకటి ఆనించి ఉంది. దాన్ని అందుకుని, ప్యాంటు మడిచి, కాలు ముందుకు చాచింది. ఆ కాలు ఇంకా మురుగును తాకనే లేదు, వెనకే వచ్చిన మస్తానమ్మ గొంతు రేవంతా మోగింది.

“గంగాధరం! ఓ గంగాధరం! పేకముక్కలు కింద పెట్టి ఇటు చూడు నాయనా! పరాయి దేశపు బిడ్డ మన మురుగు ఎత్తతా ఉండాది!”

షెడ్డులో పేకాడుతున్న గంగాధరం ముక్కలు విసిరేసి దూకాడు. వెనకే జట్టంతా దూకింది.

“దిగబాకమ్మా, నీకు దండం పెడతా! మైపాడు రేవోళ్ళకు తెలిస్తే మమ్మల్ని బతకనిస్తారా? రేయ్, ఆ పార లాక్కోండిరా! కుర్చీ ఏదిరా పాపకు?”

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. టీ వచ్చింది. ఏంజెలిన్ కుర్చీలో కూలబడింది, మగవాళ్ళు కాలవలోకి దిగారు. పెళ్ళి పంక్తిలో వడ్డించేంత హడావిడిగా మురుగు ఎత్తిపోశారు.

టీ సగంలో వదిలేసి ఆమె లేచింది.

“యాడికన్నా పో గానీ, పడవలు లాగేకాడికి మాత్రం పోబాకమ్మా! ఇసకంతా గాజు పెంకులు, చిరిగిన వలలు!”

ఏంజెలిన్ అక్కడికే పరుగెత్తింది. వంగి ఒక పెంకు అందుకోబోయింది. అంతే, మస్తానమ్మ గొంతు మళ్ళీ లేచింది.

“వనజాక్షీ! నీ ఎండుచేపలు యాడికీ పోవు గానీ, ఇటు చూడవే!”

వనజాక్షి గంప దించి, కొంగు బిగించి వచ్చింది. ఆమె వెంట వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చారు.

“మా ఇసక మేం ఏరుకోలేమా తల్లీ? నువ్వు గమ్మున కూర్చో!”

గంగాధరం తల మీద ఊరేగుతూ ఎర్ర కుర్చీ ఇసుకలోకి వచ్చింది. దాని వెనకే టీ.

మధ్యాహ్నం బడి వెనక ముళ్ళకంప వైపు పోవద్దంది మస్తానమ్మ. ఏంజెలిన్ కత్తి పట్టేలోగా కంప పోయింది, కుర్చీ వచ్చింది, టీ వచ్చింది.

సాయంత్రం హరినాథ్ వచ్చేసరికి ఆమె ఎర్ర కుర్చీలోనే ఉంది. కళ్ళలో నీళ్ళు, చేతిలో టీ.

“ఏవీ, చేతులు చూపించమ్మా.”

చూపింది. అరచేతుల్లో ఒక్క పొక్కు లేదు, గోళ్ళలో పిసరంత మట్టి లేదు.

“ఈ ఊరికి నువ్వు చేసిన పని ఏమిటి?”

“టీ తాగాను, సార్.” అబద్ధం ఆమెకు ఏ భాషలోనూ రాదు.

“సామాన్లు సర్దుకో” అని హరినాథ్ వెనుదిరిగాడు. తిరిగినవాడు అక్కడే ఆగిపోయాడు. కాలవలో నీళ్ళు పారుతున్నాయి. ఇసుక కడిగిన బియ్యంలా ఉంది. ముళ్ళకంప ఉన్నచోట పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. శుభ్రత గురించి ఆయన మైకు పట్టి అరిచినా, ర్యాలీ తీసి మొత్తుకున్నా గడ్డిపోచ కదపని ఊరు ఇదే!

“ఇదంతా ఎవరు చేశారు?”

“మేమే సార్” అన్నాడు గంగాధరం నడుము పట్టుకుని. “చెయ్యక ఏం చేస్తాం? కాస్త ఏమారితే ఈ పాప దిగేస్తాది. మీకు పుణ్యముంటుంది, తీసకపోండి సార్! మా నడుములు పోతా ఉండాయి!”

హరినాథ్ ఊరిని చూశాడు, ఎర్ర కుర్చీని చూశాడు, మెల్లగా నవ్వాడు.

“సామాన్లు విప్పుకో అమ్మా. చదువు పూర్తయ్యేదాకా నువ్వు ఇక్కడే.”

గంగాధరం ఎర్ర కుర్చీలో కూలబడ్డాడు.

ఇంటికి చేరగానే మస్తానమ్మ వాకిలి తలుపు దగ్గరగా వేసింది. తలుపు మూల నుంచి, పిడికి నీలం వలతాడు చుట్టిన పారను తీసి ఏంజెలిన్ చేతిలో పెట్టింది.

“రేపు యాడికన్నా పో గానీ, ప్రెసిడెంటు ఇంటి ముందర నీళ్ళ గొట్టం పగిలుండాది, ఆ పక్కకు మాత్రం పోబాకమ్మా!”