పెట్టె వయసు

ఆ సూట్‌కేసు మూత లేవగానే ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది.

తడిసి ఆరని గుడ్డ కంపు, విరిగిన పాల కంపు, ఎలుకల కంపు. అన్నీ కలిసి ఒక్కసారిగా మొహాన కొట్టాయి. గొడుగు గోడకి ఆనించి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కుర్చీ వెనక్కి జరుపుకుంది. మొగుడు మాత్రం ఉయ్యాల్లో పసిపిల్లని చూసినట్టు ఆ పెట్టెలోకి తొంగిచూస్తున్నాడు.

"ఎంత ముద్దొస్తోందో చూశారా పిన్నిగారూ?"

పెట్టెల పిన్ని కళ్ళజోడు తుడుచుకుంది.

ఆవిడ ముందుగది నిండా పాత పెట్టెలే. సూట్‌కేసులకి చక్రాలుంటాయని ఎవరికీ తెలియని రోజుల్లో చేసినవి. చెక్కలాగా గట్టి డొప్పలు, ఇత్తడి గొళ్ళేలు. పిన్ని వాటిని బాగుచేసి, కాళ్ళు బిగించి బల్లలుగానో, అద్దం అతికించి గోడ అలమారాలుగానో మార్చి అమ్ముతుంది. వయసు చెప్పడంలో ఆవిడకి ఎదురులేదు. ఆవిడ పాతదంటే పాతదే, కాదంటే కాదు. అంతే.

ఆయనకి ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో గానీ ఇల్లంతా పెట్టెలే. మంచం కింద పెట్టెలు, అటక మీద పెట్టెలు, చెప్పకేం, స్నానాలగదిలో కూడా ఒకటి. ఓ పెట్టెలో ఎవరివో కట్టుడుపళ్ళు దొరికాయి. ఇంకోదాంట్లో జుట్టు ఉండ. ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు. "మావారు కలెక్టరండీ" అని మొదట్లో నవ్వులాటకి చెప్పుకునేది. ఈ కంపుగొట్టు పెట్టె పడగ్గదిలోకి వచ్చాక నవ్వూ పోయింది, నిద్రా పోయింది.

అందుకే పందెం. పిన్ని ఇది అసలుదంటే ఆమె ఇక జన్మలో నోరెత్తదు. నకిలీ అంటే ఇంట్లో పెట్టెలన్నీ గుమ్మం దాటాల్సిందే.

"ఎక్కడ కొన్నావు నాయనా?"

"ఆదివారం సంతలోనండీ. ఎర్రటోపీ పెట్టుకున్న ముసలాయన. వాళ్ళ నాన్న వాడిన పెట్టెట. చేతికిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం."

పిన్ని పెదవి విరిచింది. పెట్టె మూలనున్న ఎలుక పెంటికని గోటితో మీటింది. ఊడలేదు. మళ్ళీ మీటింది. కదల్లేదు.

"జిగురు," అంది. "ఎలుక వేసింది ఊదితే పోతుంది. ఇది మనిషి అంటించింది."

"అంటించారా? ఏరుకొచ్చి మరీనా? ఛీ ఛీ!" ఆమె కాళ్ళు కుర్చీ మీదకి లాక్కుంది.

పిన్ని లోపలి గుడ్డజేబు పైకెత్తింది.

"ఇటు చూడు తల్లీ. గుడ్డంతా గోధుమరంగు తిరిగింది. సరే, పాతబడితే తిరుగుతుంది. వెలుతురే తగలని ఈ జేబు చాటున కూడా అంతే ఎలా తిరిగింది? టీనీళ్ళలో ముంచి తీశాడు మహానుభావుడు. బూజు కోసం పాలు పోశాడు. థూ! పసిపిల్లలు తాగే పాలు!"

"పోనీ, కొంచెం పాతదైనా కాదాండీ?" ఆయన గొంతు పీలగా వచ్చింది.

"మీ పెళ్ళికంటే చిన్నది నాయనా. పిడి చూడు. పైన నున్నగా అరిగింది. పెట్టె మోసేటప్పుడు నీ వేళ్ళెక్కడుంటాయి?"

ఆయన గాల్లో పెట్టె పట్టుకున్నట్టు చెయ్యి ముడిచి చూసుకున్నాడు. "కిందండీ."

"మరి? దీన్ని మోసి అరగదియ్యలేదు. గరుకుకాగితం పెట్టి రుద్దారు. అదీ తప్పువైపు."

పిన్ని మొహం చూస్తే కూరలో బొద్దింక వచ్చినట్టుంది.

"ఇంత చండాలప్పని నేనెక్కడా చూళ్ళేదు. ఇలా చేసిన చేతులు విరగ్గొట్టాలి!"

"విన్నారా?" అంది ఆమె మొగుడితో. గెలిచానన్న సంబరంతో ఇంకో నాలుగు అందామనుకుంది. ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"వాళ్ళ నాన్నదని ఏడ్చాడే..." అని నేలచూపులు చూస్తున్నాడాయన.

"మిగతావీ ఆ ఎర్రటోపీ దగ్గరే కొన్నావా?" అడిగింది పిన్ని.

"చాలామటుకు."

"తెచ్చి ఇక్కడ పడెయ్యి. తగలెయ్యడానికి నాకు పెరడుంది. దీన్నీ వదిలేసి పో. పాపం ఆ పిల్లని ఇవాళైనా నిద్రపోనీ."

లోపలికెళ్ళి చిన్న నీలం సూట్‌కేసు తెచ్చింది.

"అసలుది ఎలా ఉంటుందో చూసి వెళ్ళండి."

మూత తీస్తే కంపు లేదు. ఎప్పటిదో కలరా ఉండల వాసన, అంతే. జేబు చాటున గుడ్డ నిన్న కొన్నట్టు నీలంగా ఉంది.

"నువ్వే పట్టుకుని చూడు తల్లీ."

భయపడుతూనే పట్టుకుంది. పిడి కింద నాలుగు నున్నటి గుంటలు. ఆమె వేళ్ళు వాటిలో ఒదిగిపోయాయి. ఎవరో ఇల్లాలు జీవితమంతా మోసుంటుంది, ఎన్ని ఊళ్ళు తిరిగిందో అనుకుంది. పాత పెట్టెని చూసి ఆమెకి వాంతి కాకుండా ఇంకేదైనా రావడం అదే మొదలు.

"కాళ్ళు బిగించకండి పిన్నిగారూ, నేనిలాగే తీసుకెళ్తాను," అంది. బేరమాడకుండా తన సంచీలోంచే డబ్బు తీసింది. ఆయన నోరు తెరుచుకుని చూశాడు.

వీధి మలుపు దాకా వెళ్ళాక గొడుగు మర్చిపోయానని గుర్తొచ్చింది. ఆయన్ని ఆటో ఆపమని చెప్పి, చేతిలో నీలం పెట్టెతోనే వెనక్కొచ్చింది. ముందుగదిలో ఎవరూ లేరు. గొడుగు అందుకుంటుంటే పెరటివైపు నుంచి పిన్ని గొంతు ఖంగుమంది. తలుపుసందులోంచి చూసింది.

ఇందాకటి కంపుపెట్టె అరుగు మీద ఉంది. దాని పక్కన ఎర్రటోపీ ఒళ్ళో పెట్టుకుని, తలొంచుకుని ఓ ముసలాయన కూర్చున్నాడు.

నీలం పెట్టె గుంటల్లో ఒదిగిన ఆమె వేళ్ళు అలాగే బిగుసుకుపోయాయి.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు," అంటోంది పిన్ని, "పిడిని కిందవైపు రుద్దాలని!"